ఆఫీసు కార్డు లేదు, ఆరోగ్యశ్రీ రాదు: మధ్యలో ఉన్నవాళ్లు ఆరోగ్య బీమా ఎలా పెట్టుకోవాలి

చిన్న షాపు నడిపేవాళ్లు, క్యాబ్ తోలేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు, ఉద్యోగం మానేసి సొంత పని మొదలుపెట్టినవాళ్లు. సంపాదించే వయసే, సంపాదనా ఉంది. రేషన్ కార్డు రావడానికి ఆదాయం ఎక్కువ, బీమా ఇచ్చే కంపెనీలో ఉద్యోగం మాత్రం లేదు. ఇలా ఏ రక్షణా లేకుండా మధ్యలో మిగిలిపోయినవాళ్లు దేశంలో కనీసం 30 శాతం, అంటే సుమారు 40 కోట్ల మంది ఉంటారని నీతి ఆయోగ్ 2021 నివేదికలో చెప్పింది. మీరు ఆ లెక్కలో ఉంటే ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ చూద్దాం.

ముందే ఒక మాట. ఈ వ్యవహారంలో డబ్బు పెట్టినా దొరకనిది కాలం. పాలసీ మొదలైన రోజు నుంచి నిరీక్షణ కాలాలు, అంటే కొన్ని జబ్బులకు బీమా డబ్బు రావడానికి ఆగాల్సిన గడువులు, నడుస్తాయి. షుగర్ బయటపడ్డాక కొంటే షుగర్‌కు సంబంధించిన చికిత్సకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అదే పాలసీ ఆరోగ్యంగా ఉన్నప్పుడు మొదలుపెట్టి ఉంటే ఆ మూడేళ్లు ఎప్పుడో గడిచిపోయేవి. అందుకే 'మంచి పాలసీ దొరికాక తీసుకుందాం' అని రెండేళ్లు వెతకడం కన్నా, ఓ మాదిరి పాలసీ ఈ నెలలో మొదలుపెట్టి తర్వాత మార్చుకోవడం నయం.

మొదటి పని: మీకు ఇప్పటికే ఏముందో చూసుకోండి

జీతం నెలకు 21,000 రూపాయల లోపైతే, పనిచేసే చోట 10 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, ముందు ఈఎస్‌ఐ (ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే బీమా) సంగతి అడగండి. జీతంలో మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పే స్లిప్‌లో ఈఎస్‌ఐ కోత కనిపిస్తున్నా కుటుంబ సభ్యుల పేర్లు ఎక్కించనివాళ్లు చాలామంది ఉంటారు. అవసరం పడిన రోజు డిస్పెన్సరీలో ఆ పేరు దొరకదు. ఇప్పుడే భార్య, పిల్లలు, మీ మీద ఆధారపడిన అమ్మానాన్నల వివరాలు ఎక్కించండి.

మధ్యలో జీతం 21,000 దాటినా ఆ ఆరు నెలల చందా కాలం ముగిసేదాకా మీరు ఈఎస్‌ఐ లోనే ఉంటారు. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. మొదటిదానికి ప్రయోజన కాలం మరుసటి జనవరి నుంచి జూన్, రెండోదానికి జూలై నుంచి డిసెంబర్. కాబట్టి ఉద్యోగం పోయిన రోజే కార్డును మూలన పడేయకండి. మీ ప్రయోజన కాలం ఎప్పటిదాకా ఉందో ఈఎస్‌ఐ శాఖా కార్యాలయంలో కనుక్కోండి, ఆలోపు సొంత పాలసీ పెట్టుకోవాలి.

రెండోది ప్రభుత్వ పథకం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌టీఆర్ వైద్య సేవ కింద 25 లక్షల దాకా పరిమితి ఉంది. అర్హత ఉందనుకుంటే 104కు ఫోన్ చేసి గానీ, నెట్‌వర్క్ ఆస్పత్రిలో (పథకంతో ఒప్పందం ఉన్న ఆస్పత్రి) పథకం సహాయకుడైన ఆరోగ్య మిత్ర దగ్గర గానీ కార్డు చూపించి నిర్ధారించుకోండి. ఇంట్లో ఎప్పుడో తీసుకున్న కార్డు ఉందన్న ధీమా చాలదు. పెళ్లయి వచ్చిన కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు అందులో ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. పథకం జాబితాలో ఉన్న చికిత్సలకే, నెట్‌వర్క్‌లో ఉన్న ఆస్పత్రుల్లోనే డబ్బు వస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి.

అమ్మానాన్నల వయసు 70 దాటితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డు తీసుకోవచ్చు. ఏడాదికి 5 లక్షలు. ఆధార్ ఉంటే చాలు. ప్రైవేటు బీమాలో ఆ వయసుకు ప్రీమియం ఎలా ఉంటుందో అడిగి చూస్తే దీని విలువ అర్థమవుతుంది.

బ్యాంకు ఖాతాలోంచి ఏటా 20 రూపాయలు కోసే సురక్షా బీమాను ఆరోగ్య బీమా అనుకునేవాళ్లూ ఉన్నారు. అది ప్రమాదంలో మరణానికీ అంగవైకల్యానికీ ఇచ్చే 2 లక్షల బీమా. ఆస్పత్రి బిల్లు కట్టదు.

ఆఫీసు బీమా ఉన్నవాళ్లకు

అది ఉద్యోగంతో పాటే పోతుంది. ఎక్కువ కంపెనీల్లో చివరి పనిదినం రాత్రితో సరి. కొత్త కంపెనీలో చేరేదాకా రెండు నెలల ఖాళీ వచ్చిందంటే ఆ రెండు నెలలూ ఇంటిల్లిపాదీ బీమా లేనివాళ్లే.

రాజీనామా ఇచ్చినా, తీసేస్తున్నారని తెలిసినా, నోటీసు పీరియడ్‌లోనే హెచ్‌ఆర్‌ను రెండు కాగితాలు అడగండి: గ్రూప్ పాలసీలో మీరు, మీ కుటుంబం ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారన్న ధ్రువీకరణ, ఇప్పటిదాకా చేసిన క్లెయింల వివరాలు. వీటితో అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారడానికి దరఖాస్తు పెట్టవచ్చు. దీన్ని మైగ్రేషన్ అంటారు. గ్రూప్‌లో ఉన్న కాలం మీ నిరీక్షణలో జమ అవుతుంది, అదీ గ్రూప్‌లో ఎంత మొత్తానికి బీమా ఉందో అంతవరకే. ఆఫీసులో 3 లక్షలు ఉండి మీరు 10 లక్షలకు తీసుకుంటే, పై 7 లక్షలకు నిరీక్షణ మొదటి నుంచీ లెక్క. కంపెనీ మీ ఆరోగ్యం చూసి ప్రీమియం పెంచవచ్చు, వద్దని కూడా అనవచ్చు. అందుకే చివరి వారం దాకా ఆగకూడదు.

ఇంకా మంచి పద్ధతి, ఉద్యోగంలో ఉండగానే పక్కన సొంత పాలసీ ఒకటి పెట్టుకోవడం. 'ఆఫీసుది ఉందిగా, రెండెందుకు' అనే ప్రశ్న వస్తుంది. ఆఫీసుది ఈ ఏడాది బిల్లులకు, సొంతది ఉద్యోగం లేని రోజుకు. పైగా సొంత పాలసీలో నిరీక్షణ ఇప్పుడే కరిగిపోతుంది.

ఎంతకు, ఎవరెవరికి

మీ ఊరికి దగ్గర్లో మీరు నిజంగా వెళ్లే ఆస్పత్రిలో గుండె స్టెంట్‌కో, మోకాలి మార్పిడికో ఎంతవుతుందో బిల్లింగ్ కౌంటర్‌లో అడిగితే చెబుతారు. దానికి రెట్టింపు మీకు కావలసిన కనీస మొత్తం అనుకోండి. ఒకే ఏడాదిలో ఇద్దరు ఆస్పత్రి పాలవడం అరుదేమీ కాదు.

పెద్ద మొత్తానికి ఒకే పాలసీ భారమైతే 5 లక్షల బేస్ (అసలు) పాలసీ, దాని మీద 20 లక్షల సూపర్ టాపప్ (అదనపు పాలసీ) తీసుకోవచ్చు. ఇక్కడ 'సూపర్' అన్న మాట ముఖ్యం. 5 లక్షల డిడక్టిబుల్ ఉందనుకోండి, అంటే ఖర్చు అంత దాటాకే టాపప్ డబ్బిస్తుంది. ఏడాదిలో ఒకసారి 4 లక్షలు, మరోసారి 3 లక్షలు ఖర్చయింది. మామూలు టాపప్ ప్రతి బిల్లునూ విడిగా చూస్తుంది. రెండిటిలో ఏదీ 5 లక్షలు దాటలేదు కాబట్టి సున్నా. సూపర్ టాపప్ ఏడాది మొత్తాన్ని కలుపుతుంది: 7 లక్షల్లో 5 పోను 2 లక్షలు ఇస్తుంది. ఆ 5 లక్షలు బేస్ పాలసీ కట్టిందా, ఆఫీసు కట్టిందా, మీ జేబులోంచి పోయిందా అన్నది సాధారణంగా దానికి పట్టదు.

భార్యాభర్తలు, పిల్లలు కలిపి ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (ఒకే బీమా మొత్తాన్ని ఇంట్లో అందరూ వాడుకునే పాలసీ) సరిపోతుంది. అమ్మానాన్నల్ని అందులో కలపకండి. ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి ఉంటుంది. అరవై ఐదేళ్ల తండ్రిని కలిపితే ముప్పై ఐదేళ్ల మీ వాటా కూడా ఆయన వయసు లెక్కలోకి పోతుంది. వాళ్లకు విడిగా తీసుకోండి.

ప్రీమియం పోల్చేటప్పుడు పాత అంకెలు నమ్మకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్లోటర్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు తమ కుటుంబం ప్రీమియం మీద 25,000 దాకా, 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియం మీద 50,000 దాకా మినహాయింపు ఉంది. నగదుగా కడితే అది రాదు, కొత్త విధానంలోనూ లేదు.

పాలసీలు పోల్చడం తలనొప్పిగా ఉంటే ఆరోగ్య సంజీవని చూడండి. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మే ప్రామాణిక పాలసీ ఇది. పేరు, ప్రీమియం తప్ప తేడా ఉండదు. ప్రతి క్లెయింలో 5 శాతం మీరు భరించాలి, గది అద్దెకు రోజుకు 5,000 పైన ఇవ్వరు. పెద్ద నగరంలో కార్పొరేట్ ఆస్పత్రికి ఇది చాలదు. జిల్లా కేంద్రంలో ఉంటూ ఏమీ లేనివాళ్లకు మొదటి మెట్టుగా బాగానే ఉంటుంది.

గది అద్దె దగ్గర జేబు ఎలా చిరుగుతుంది

పాలసీ పత్రంలో ఒక్క పేజీయే చదివే ఓపిక ఉంటే గది అద్దె షరతు ఉన్న పేజీ చదవండి. 'బీమా మొత్తంలో 1 శాతం' అని ఉంటే 5 లక్షల పాలసీకి రోజుకు 5,000. మీరు 8,000 గదిలో చేరారు. తేడా 3,000 కదా, నాలుగు రోజులకు 12,000 మనమే పెట్టుకుందాం అనుకుంటారు. లెక్క అలా నడవదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఛార్జీలు ఆస్పత్రుల్లో గది తరగతిని బట్టి పెరుగుతాయి. అందుకని వాటినీ అదే నిష్పత్తిలో, అంటే ఎనిమిదింట ఐదు వంతులకు కోస్తారు.

నాలుగు రోజుల బిల్లు చూద్దాం. గది 32,000, డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000, మందులు, పరీక్షలు 50,000. మొత్తం 2,02,000. కంపెనీ గదికి 20,000, రెండో పద్దుకు 75,000 ఇస్తుంది. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ల మీద ఈ నిష్పత్తి కోత పెట్టకూడదు కాబట్టి 50,000 పూర్తిగా వస్తుంది. చేతికొచ్చేది 1,45,000. మీరు కట్టేది 12,000 కాదు, 57,000.

కాబట్టి గది అద్దెకు పరిమితి లేని పాలసీ గానీ, 'సింగిల్ ప్రైవేట్ ఏసీ గది' అని రాసి ఉన్నది గానీ తీసుకోండి. ఇప్పటికే పరిమితి ఉన్న పాలసీ ఉంటే అడ్మిషన్ కౌంటర్‌లో నోరు తెరిచి 'రోజుకు 5,000 లోపు గదే కావాలి' అనండి. ఖాళీ లేదంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

మిగతావి క్లుప్తంగా. కో-పే అంటే ప్రతి బిల్లులో మీ వాటా శాతం, వీలైనంతవరకు లేనిది చూడండి. కంటిశుక్లం లాంటి వాటికి విడి పరిమితి ఉందేమో చూడండి. గ్లవ్స్, సిరంజిలు, మాస్కుల్లాంటి వాటికి మామూలుగా డబ్బివ్వరు, ఇచ్చే రైడర్ (పాలసీకి అదనంగా తీసుకునే రక్షణ) ఉంటుంది. ప్రసూతికి విడి నిరీక్షణ ఉంటుంది, పెళ్లి కుదిరినప్పుడే దాని గురించి ఆలోచించాలి.

ప్రపోజల్ ఫారం మీరే నింపండి

క్లెయింలు కూలిపోయేది ఇక్కడే. ఏజెంటు ఫోన్‌లో 'బీపీ, షుగర్ ఏమీ లేవు కదండీ' అని తనే అని, తనే 'లేదు' కొట్టేస్తాడు. మీరు ఓటీపీ చెప్పడంతోనే సంతకం అయిపోతుంది. నాలుగేళ్ల తర్వాత స్టెంట్ వేసేటప్పుడు కేస్ షీట్‌లో 'ఆరేళ్లుగా బీపీ మందులు వాడుతున్నారు' అని ఉంటుంది. పాలసీ కన్నా బీపీ పాతదని తేలుతుంది, దాచారంటారు.

వేసుకునే ప్రతి మాత్ర, అయిన ప్రతి ఆపరేషన్, థైరాయిడ్, ఆస్తమా, పాత టీబీ, సిగరెట్, మద్యం, అన్నీ రాయండి. జబ్బు ఎప్పుడు బయటపడిందో నెల, సంవత్సరం రాయండి. పాత రిపోర్టులు జతచేయండి. నిజం చెబితే ప్రీమియం కొంత పెరగవచ్చు, ఆ జబ్బుకు నిరీక్షణ పెట్టవచ్చు, మహా అయితే ఆ కంపెనీ వద్దనవచ్చు. మరో కంపెనీ ఒప్పుకోవచ్చు. దాచితే మాత్రం ఏళ్లతరబడి ప్రీమియం కట్టి ఆస్పత్రి మంచం మీద సంగతి తెలుసుకోవాల్సి వస్తుంది.

పాలసీ చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ (చదివి చూసుకునే గడువు) ఉంటుంది. ఈలోగా పాలసీకి జతచేసిన మీ ప్రపోజల్ ఫారం నకలు తెరిచి ప్రతి జవాబూ చదవండి. తప్పుంటే మెయిల్ రాసి సరిదిద్దించండి. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయండి, కొద్ది కోతలు పోను డబ్బు తిరిగొస్తుంది.

గడువులు

పాలసీ మొదలైన తొలి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. హెర్నియా, పైల్స్, కిడ్నీలో రాళ్లు, కంటిశుక్లం వంటి జాబితా జబ్బులకు మామూలుగా రెండేళ్లు. ముందునుంచే ఉన్న జబ్బులకు 36 నెలలకు మించి నిరీక్షణ పెట్టకూడదని 2024 నుంచి నియమం. వరుసగా 60 నెలలు పాలసీ నడిస్తే, ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప 'మీరు ఫలానాది చెప్పలేదు' అని క్లెయిం కొట్టేయడానికి వీల్లేదు. ఈ అయిదేళ్లూ తెగకుండా ఉండటానికే రెన్యువల్ తేదీ అంత ముఖ్యం.

ఏడాదికోసారి కట్టేవాళ్లకు రెన్యువల్ తేదీ దాటాక కట్టడానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది. దీని గురించి ఒక భ్రమ ఉంది. గ్రేస్‌లో కడితే నిరీక్షణ లెక్క తెగదు, నిజమే. గడువు ముగిసిన రోజుకూ కట్టిన రోజుకూ మధ్య ఆస్పత్రిలో చేరితే మాత్రం ఆ బిల్లు మీదే. నెలవారీ వాయిదాల్లో కట్టేవాళ్లకు గ్రేస్ 15 రోజులే, అయితే ఆ రోజుల్లో రక్షణ ఉంటుంది.

కంపెనీ నచ్చకపోతే పోర్టబిలిటీతో మారవచ్చు, గడిచిన నిరీక్షణ పోదు. రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు కొత్త కంపెనీకి దరఖాస్తు పెట్టండి. వాళ్లు ఒప్పుకుని పాలసీ చేతికి ఇచ్చేదాకా పాతదాన్ని వదలొద్దు.

ఆస్పత్రిలో

ఆస్పత్రి అంటే పాలసీ భాషలో ఒక నిర్వచనం ఉంది: చట్టప్రకారం స్థానిక అధికారుల దగ్గర ఆస్పత్రిగా నమోదై ఉండాలి, లేదంటే ఇవన్నీ ఉండాలి: 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, పెద్ద ఊళ్లో 15, రాత్రింబవళ్లు నర్సులు, డాక్టరు, సొంత ఆపరేషన్ థియేటర్. వీధి చివర నర్సింగ్ హోంకు ఆ నమోదూ, ఇవీ లేకపోతే క్లెయిం నిలవదు. కంపెనీ వెబ్‌సైట్‌లో రెండు జాబితాలు చూసి పెట్టుకోండి: క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టేది) ఉన్నవి, కంపెనీ నిషేధించినవి. రెండోదాన్ని ఎవరూ చూడరు.

ముందే అనుకున్న ఆపరేషనైతే రెండు మూడు రోజుల ముందు ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి కోరే ఫారం) పంపించండి. ఎమర్జెన్సీలో చేరితే 24 గంటల్లో కంపెనీకి తెలియజేయండి. క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ తేల్చాలి. డిశ్చార్జి బిల్లు పంపిన మూడు గంటల్లో తుది అనుమతి రావాలి, ఆలస్యం వల్ల ఆస్పత్రి అదనంగా వేసే ఛార్జీ కంపెనీయే భరించాలి.

చేర్చేటప్పుడు రోగి వెంట ఉన్నవాళ్లు జాగ్రత్తగా మాట్లాడాలి. డ్యూటీ డాక్టర్ 'ఎప్పట్నుంచి నొప్పి' అంటే కంగారులో 'చాలా ఏళ్లుగానే' అనేస్తారు. ఆ మాట కేస్ షీట్‌లోకి, అక్కణ్నుంచి డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. ఉన్నదున్నట్టే చెప్పండి, తెలియకపోతే తెలియదనండి. సమ్మరీ చేతికివ్వగానే చదవండి. తప్పుంటే అక్కడే డాక్టర్ చేత దిద్దించండి. వారం తర్వాత దిద్దిస్తే అనుమానిస్తారు.

ముందు మీరే కట్టి తర్వాత రాబట్టుకోవాల్సి వస్తే అసలు బిల్లులు, పద్దుల వారీ వివరం, డిశ్చార్జి సమ్మరీ, పరీక్షల రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్‌తో మందుల బిల్లులు, స్టెంట్ లాంటివి వేస్తే దాని స్టిక్కర్, రద్దు చేసిన చెక్కు, గుర్తింపు పత్రాలు కావాలి. రోడ్డు ప్రమాదమైతే ఎంఎల్‌సీ (ఆస్పత్రి రాసే మెడికో లీగల్ నమోదు) లేదా ఎఫ్‌ఐఆర్ నకలు. పంపే ముందు అన్నిటినీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పంపాల్సిన గడువు పాలసీలోనే ఉంటుంది, ఎక్కువగా డిశ్చార్జి తర్వాత 15 నుంచి 30 రోజులు.

కాదన్నారా?

ఫోన్‌లో చెప్పింది జవాబు కాదు. ఏ షరతు, ఏ నంబరు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. కంపెనీలోని క్లెయిం రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయింనూ తిరస్కరించకూడదు. అది జరిగిందా అని కూడా అదే మెయిల్‌లో అడగండి. తరచూ ఇక్కడే పునఃపరిశీలన మొదలవుతుంది.

తర్వాత కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు. దానితో పాటు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయండి, లేదా 155255కు ఫోన్ చేయండి. నెల గడిచినా జవాబు రాకపోతే, వచ్చింది నచ్చకపోతే, బీమా వివాదాలు తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. తిరస్కరణ వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి, అదే వ్యవహారం కోర్టులో గానీ వినియోగదారుల కమిషన్‌లో గానీ నడుస్తూ ఉండకూడదు. ఫిర్యాదు రెండు పేజీలు మించనివ్వకండి: తేదీలు, షరతు నంబరు, వాళ్లేమన్నారు, మీ దగ్గరున్న కాగితం ఏం చెబుతోంది. అవార్డు మీకు అనుకూలంగా వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాల్సిందే. రాకపోతే వినియోగదారుల కమిషన్ దారి అప్పటికీ తెరిచే ఉంటుంది.